పడమటి గోడ మీది నీలి చుక్క

ప్రొఫెసర్ ఆదినారాయణ గారు మా ఇంట్లో మంచినీళ్ళు తాగేవారు కాదు. శనగల బస్తా మాత్రం తీసుకుపోయేవారు. వండిన వాటికీ, గ్లాసులో పోసిన వాటికీ మా చెయ్యి తగిలితే ఏదో అంటుతుందని ఆయన నమ్మకం. గోనెసంచికి ఆ ఇబ్బంది లేదు. కోయిలకుంట్ల శనగలు, నంద్యాల బియ్యం, బనగానపల్లె మామిడిపండ్లు, ఏ కాలంలో ఏది పండితే అది, ఆయన వచ్చిన జీపు వెనక సీట్లో మా ఆయన యేసుదాసు తన చేతులతోనే సర్దేవాడు. ఆ చేతులు అప్పుడు మాత్రం ఆయనకు చేదు కాలేదు.

ఇన్నేళ్ళ తర్వాత చెబుతున్నా నోట్లో ఉమ్మి ఊరుతోంది, తుపుక్కున ఉమ్మడానికి.

నా పేరు లూదియా. నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. యేసుదాసు ఆ ఊళ్ళోనే బడిపంతులు. ఆయన సొంతవూరు ఆళ్లగడ్డ. ఆయన అక్క, అంటే మా వదిన ఏసమ్మ, అక్కడ చర్చిని ఆనుకున్న ఇంట్లోనే ఉంటుంది. చర్చి ఊడవడం, గంట కొట్టడం, ఎవరు రాలేదో చూసి ఇంటికి వెళ్ళి మరీ తిట్టడం, అన్నీ ఆమె పనులే. 1974లో నేను ఆదినారాయణ గారి దగ్గర పీహెచ్‌డీకి చేరానని తెలిసిన ఆదివారం ఆమె చర్చిలో లేచి నిలబడి, "మా లూదియా డాక్టరు సదువుతాంది" అని ప్రకటించింది. ఆ వారం నుంచి నా చదువు కోసం ప్రార్థన మొదలైంది. నేను రోగాలు చూసే డాక్టర్ని కానని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఆళ్లగడ్డకు వెళితే చాలు, మోకాళ్ళ నొప్పులు, పిల్లల దగ్గులు నా ముందు పెట్టేవారు.

నవ్వొచ్చేది గానీ, లోపల నాకూ ఆ మాట మీద చచ్చేంత ఆశ ఉండేది. మా నాయన శనగ చేలల్లో కూలికి పోయి నన్ను చదివించాడు. ఆయన కూతురి పేరు ముందు డాక్టర్ అని ఉండాలి. అది బోర్డు మీద రాసి ఉండగా నేను చూడాలి. ఇలా కోరుకున్నందుకు నాకు సిగ్గేమీ లేదు.

నా పని ఒక నీలం రంగు మీద. పెయింట్లలో, అచ్చు సిరాల్లో, ప్లాస్టిక్ బక్కెట్లలో వేసే రంగే. కాపర్ థాలోసయనిన్ అంటారు. అంత పేరు నోరు తిరగక మా వదిన 'రాగి నీలి' అంది. ఆ పేరే నయం. దాని ఒక్కొక్క అణువు నడుమ ఒక రాగి పరమాణువు కూర్చుని ఉంటుంది. చుట్టూ కర్బనం, నత్రజని వలయాలు దాన్ని పట్టుకుని ఉంటాయి. అలాంటి అణువులు కట్టగట్టిన విస్తరాకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటే స్ఫటికం. ఆ పేర్పు కాస్త మారిందంటే రంగు ఛాయ కూడా మారుతుంది.

ముడి పొడిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపితే నీలం మాయమైపోయి పాచి పట్టిన ఆకుపచ్చ అవుతుంది. చూస్తే రోత పుడుతుంది. దాన్ని ఐసు నీళ్ళలో పోస్తే మళ్ళీ నీలం, అదీ కొంచెం ఎర్రజీర ఉన్న నీలం, మెత్తగా విరిగి అడుక్కు దిగుతుంది. నంద్యాల ఎండల్లో ఐసు ఎక్కడ తేవాలి? ఐస్‌ఫ్రూట్లు చేసే చోట గడ్డ కొని, గోనెపట్టాలో చుట్టి, రిక్షాలో ఒడిలో పెట్టుకుని తెచ్చేదాన్ని. కాలేజీకి చేరేసరికి చీర సగం తడిసేది. పిల్లలు నవ్వేవారు. నవ్వనీ అనుకునేదాన్ని.

ఈ ఎర్రజీర నీలాన్ని రెండు రకాలుగా బాధపెట్టి ఏమవుతుందో చూడాలి. ఒకటి వేడి, రెండోది గామా కిరణాలు. వేడి సంగతి మా లేబొరేటరీలోనే తేలింది. ఇనప పళ్ళెంలో ఇసుక పోసి, అందులో గాజుగొట్టం పాతి, మూడువందల డిగ్రీల దాకా కాచాను. పొడి ఎర్రజీర వదిలేసి పచ్చజీర నీలమైంది. మైక్రోస్కోపులో చూస్తే నలుసుల చోట సూదులు పెరిగి ఉన్నాయి. చల్లారాక కూడా మళ్ళీ పాతరంగుకు రాలేదు. లోపల పేర్పే మారిపోయిందన్నమాట.

గామా కిరణాలు నంద్యాలలో దొరికేవి కావు. కొంత పొడిని సీసాలో పోసి, సీలు వేసి, దూరపు నగరంలోని ఒక పరిశోధన సంస్థకు పంపాం. అక్కడ ఆ కిరణాలు చిమ్మే కోబాల్టు ఉన్న సీసపు గూట్లో వారాల తరబడి ఉంచి తిప్పి పంపుతారు. మా వంతు రావడానికే ఏడాది దాటింది. ఆ సీసా తిరిగి వచ్చిన రోజు తలుపు గడియ పెట్టుకుని మూత తీశాను.

పొడి వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మామూలు పొడినీ దీన్నీ గాజు పలక మీద పక్కపక్కన పెట్టి చూశాను. మైక్రోస్కోపు కింద చూశాను. బిళ్ళలు చేసి కరెంటు పంపి చూశాను. తేడా లేదు. మనిషి ఒంట్లో దూరితే ప్రాణం తీసే కిరణాలు ఆ రాగిని పట్టుకున్న వలయాల్ని కదిలించలేకపోయాయి. మొదట ఏడుపొచ్చింది, ఇన్నాళ్ళ ఎదురుచూపు ఇందుకేనా అని. తర్వాత మెల్లగా సంతోషం మొదలైంది. వేడికి లొంగింది కిరణాలకు లొంగలేదు. ఇంతకంటే మంచి సంగతి ఏముంటుంది, నా థీసిస్ ఇదే అనుకున్నాను.

1979 నవంబరులో ఆదినారాయణ గారు మహానంది దర్శనం చేసుకుని కాలేజీకి వచ్చారు. క్యాంటీన్ అయ్యరు చేసిన మిరపకాయ బజ్జీలు తింటూ నా లెక్కలు చూశారు. చూడటం అయ్యాక, నూనె వేళ్ళను నా గ్రాఫు కాగితానికి తుడుచుకున్నారు. కాగితం మీద నూనె మరక పారదర్శకంగా పాకుతుంటే నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"ఏమీ కాలేదంటే ఎలాగమ్మా? ఏమీ కాలేదని ఎవరైనా థీసిస్ రాస్తారా?" అన్నారు.

"జరిగింది అదే కదా సార్."

"గామా కిరణాలకు ఈ స్ఫటికం దెబ్బతింటుందని నేను ఢిల్లీ సభలో చెప్పి వచ్చాను. మా స్టూడెంటు చూపించిందని కూడా చెప్పాను."

"నేనెప్పుడు చూపించాను సార్? అప్పటికి సీసా తిరిగే రాలేదు."

"వచ్చాక చూపిస్తావుగా అని చెప్పాను."

ఆయన లేచి అరలో ఉన్న రెండు సీసాలూ చెరొక చేత్తో పట్టుకున్నారు. నూనె వేళ్ళతోనే. "ఇది నువ్వు కాచింది. మారింది. ఇది కిరణాల్లో పెట్టింది. మారలేదు. రెండూ నీలమే. సీసాల మీద అంటించిన చీటీలేగా తేడా? ఈ చీటీ దానికీ, ఆ చీటీ దీనికీ అంటిస్తే పనైపోతుంది."

నేను తప్పుగా విన్నానేమో అనుకున్నాను. ఆయన నా ముఖం చూసి నవ్వారు.

"ఎవరు చూస్తారమ్మా? నీ థీసిస్ చదివేది నువ్వూ నేనూ ఇద్దరు పరీక్షకులూ. ఆ ఇద్దరూ నా మనుషులే. వచ్చే ఏడాదికి డాక్టర్ లూదియా. ఏం, వద్దా?"

ఆయన ఆ మాటను ఎంత మామూలుగా అన్నారంటే, అంతకు ముందు ఎందరితో అన్నారో అనిపించింది.

ఎక్స్‌రే ఫొటో ఒక్కటి మిగిలి ఉంది. స్ఫటికంలో అణువుల పేర్పు ఎలా ఉందో ఆ ఫొటో పట్టిస్తుంది. అది వస్తే ఇక ఎవరూ కాదనలేరు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. "కిరణాల సీసా నాకివ్వు, ఎక్స్‌రేకి నేనే పంపిస్తాను" అన్నారు. తూకాలు మిగిలి ఉన్నాయని అడ్డం చెప్పాను. "సరే, జనవరిలో వస్తాను. అప్పటికి సిద్ధంగా ఉంచు. కుదరదంటావా, వేరే గైడును చూసుకో" అని జీపెక్కారు. వెనక సీట్లో శనగల బస్తా అప్పటికే ఎక్కి కూర్చుని ఉంది.

ఇంటికొచ్చి చెబితే యేసుదాసు చాలాసేపు గోళ్ళు గిల్లుకున్నాడు. "సీటీనే గదా లూదియా, మార్చేస్తే పోలా?" అన్నాడు.

"సీటీనే అయితే మనింటి నీళ్ళ కుండకు ఆవునెయ్యి అని ఒక సీటీ అంటిచ్చు. తాగుతాడేమో సూద్దాం" అన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

క్రిస్మస్ సెలవులొచ్చాయి. లేబొరేటరీ తాళాలు ప్రిన్సిపాల్ దగ్గర ఉంటాయి. ప్రిన్సిపాల్, ఆదినారాయణ గారు ఒకే కంచంలో తినే స్నేహితులు. సెలవుల్లో నా సీసా అక్కడ వదిలితే తిరిగి వచ్చేసరికి అందులో ఏ పొడి ఉంటుందో చెప్పలేను. అందుకని కిరణాల సీసాను రవిక గుడ్డలో చుట్టి, బట్టల పెట్టెలో అడుగున పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

ఆళ్లగడ్డలో క్రిస్మస్ ముందు చర్చికి సున్నం కొట్టడం ఆడవాళ్ళ పని. డ్రమ్ములో సున్నం కలిపి, పట్టు కోసం తుమ్మబంక, తెలుపు బాగా కనబడటానికి చిటికెడు బట్టల నీలి వేస్తారు. అంతా అయ్యాక పడమటి గోడ మీద, తలుపుకు పైన, నీలితో పెద్ద చుక్క వేస్తారు. యేసు పుట్టినప్పుడు తూర్పు జ్ఞానులకు దారి చూపిన నక్షత్రం అది. ఆ చుక్క ప్రతి ఏడూ మా వదిన చేత్తోనే పడాలి. వేరెవరైనా కుంచె పట్టుకుంటే ఊరుకోదు.

సున్నం కొట్టే రోజు నేను రుద్రవరంలో ఉన్న నా స్నేహితురాలు రూతును చూడటానికి వెళ్ళాను. సాయంత్రం తిరిగొచ్చి బస్సు దిగి చర్చి వైపు నడుస్తుంటే, ఇంకా తడి ఆరని గోడ మీద చుక్క కనిపించింది. బట్టల నీలి అంత చిక్కగా ఉండదు. దాని ఎర్రజీర వేరు. దగ్గరికి పోకముందే ఆ నీలం ఏదో నాకు తెలిసిపోయింది.

"వదినా, ఈ నీలి యాడిది?"

"నీ పెట్టెలో ఉండె గదమ్మే. కొన్న నీలంతా సున్నంలోకే సరిపాయె. పిన్నీసు కోసరం నీ పెట్టె తీస్తే సీసా కనబడె. చర్చికే తెచ్చింటావులే అనుకుంటి." వదిన మోచేతుల దాకా నీలంగా, సంబరంగా ఉంది. "అయినా అదేం నీలి తెచ్చినావమ్మే! నీళ్ళల్లో ఏస్తే మునగదు, పైన తేలుతాంది. కుంకుడు రసం పోసి రోట్లో నూరితే గానీ దారికి రాల్యా."

"అంతా ఏసినావా?"

"సీసా కడిగి ఆ నీళ్ళు గూడా పోసినా. పారబోస్తే పాపం గాదా?"

నేను సున్నం డ్రమ్ము పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. ఆ ఏడుపులో "అది గామా కిరణాల్లో పెట్టిన పొడి వదినా" అన్నాను. అనకుండా ఉండాల్సింది. సంఘపెద్ద ఏలీయా తాత, "కిరణాలంటే బాంబులో ఉంటాయే, అవేనా?" అన్నాడు. ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కుని దూరంగా జరిగారు. చుక్కను వెంటనే గోకేయాలని ఒకరు, గోకితే దుమ్ము లేస్తుందని ఇంకొకరు. నా కొంప మునిగిందని ఏడుస్తున్న నేనే కళ్ళు తుడుచుకుని వాళ్ళకు పాఠం చెప్పాల్సి వచ్చింది.

"ఎండలో పెట్టిన రాయిని ఇంట్లోకి తెస్తే అది దీపం మాదిరి వెలుగుతాదా తాతా? ఇదీ అంతే. కిరణాలు తగిలినాయి, పోయినాయి. దీంట్లో ఏమీ లేదు."

ఏలీయా తాత గోడ దగ్గరికి పోయి వాసన చూశాడు. "ఏం వాసనా లేదు. ఉండనీండి" అన్నాడు. చుక్క అలా నిలిచింది.

జనం పోయాక వదిన నా పక్కన కూర్చుంది. సంగతంతా చెప్పించుకుంది. ఎక్స్‌రే ఆమెకు అర్థం కాలేదు గానీ, నా డాక్టరు చదువు ఆ సీసాలో ఉండిందని మాత్రం బాగా అర్థమైంది. "నీ సదువు దీస్కపోయి గోడకు పూసినానా!" అని నెత్తి కొట్టుకుంది. ఆ క్రిస్మస్‌కు తమ్ముడు తెచ్చిన కొత్త చీర ఆమె కట్టుకోలేదు. మడత విప్పకుండా పెట్టెలో పెట్టేసింది.

జనవరిలో ఆదినారాయణ గారు వచ్చారు. చీవాట్లు పడతాయని గుండె దిటవు చేసుకుని జరిగింది చెప్పాను. ఆయన ముఖం విప్పారింది.

"మంచి పని చేసిందమ్మా మీ వదిన! ఇక అడిగేవాడెవడు? పరీక్షించడానికి పొడే లేదు!" అని బల్ల మీద చరిచి నవ్వారు.

తిట్టి ఉంటే భరించేదాన్ని. మెచ్చుకున్నారు. నా ఇన్నేళ్ళ కష్టం పోయిన సంగతి ఆయనకు శుభవార్త. ఆ నవ్వుకు పళ్ళ సందుల్లో వక్క ముక్కలు కనబడ్డాయి.

"పొడి పోలేదు సార్, గోడ మీదే ఉంది. గోకి పలచని ఆమ్లంలో వేస్తే సున్నం బుసబుస పొంగి కరిగిపోతుంది, రంగు మిగులుతుంది. కడిగితే ఎక్స్‌రేకి చాలినంత వస్తుంది" అన్నాను.

"మీ చర్చి గోడ గోకి సైన్సు చేస్తావా? యూనివర్సిటీ పరువేం కావాలమ్మా?" అన్నారు. ఆ 'మీ' అనే అక్షరాన్ని ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని దూరంగా పారేసినట్టు అన్నారు.

చీటీ మార్చనని చెప్పాను. నా పేరుతో ఆ అబద్ధం రాయనని చెప్పాను. ఆయనకు కోపం కూడా రాలేదు. అరలోంచి నేను కాచిన పొడి సీసా తీసుకుని, దాని మీది చీటీని గోటితో గీకేసి, జేబులో వేసుకున్నారు. "నువ్వు కాకపోతే ఇంకొకరు" అన్నారు. ఆ రోజు కూడా శనగల బస్తా తీసుకుపోయారు. యేసుదాసు దాన్ని జీపులో పెట్టలేదు. డ్రైవరు మోసుకుపోయాడు. నా ఇంట్లో ఆనాడు జరిగిన తిరుగుబాటు అంతవరకే.

ఒక గైడును వదిలిన స్టూడెంటును ఇంకో గైడు దగ్గరికి రానివ్వడు. నలుగురిని అడిగి చూశాను. నలుగురూ ముందు ఆదినారాయణ గారిని అడగమన్నారు. రెండేళ్ళకు కాలేజీ లైబ్రరీకి వచ్చిన ఒక పత్రికలో ఆయన వ్యాసం చూశాను. గామా కిరణాలకు రాగి నీలం స్ఫటికం దెబ్బతిని రంగు మారుతుందట. కింద మైక్రోస్కోపు ఫొటో. నేను ఇసుకలో పాతి కాచిన సూదులే అవి. వేడికి మారినదాన్ని కిరణాలకు మారినట్టు అచ్చు వేశారు. ఆయన స్టూడెంటు ఇంకెవరో దాంతో డాక్టరయ్యాడు. పత్రిక మూసి, చేతులు కడుక్కున్నాను. కడిగినా జిడ్డు పోయినట్టు అనిపించలేదు.

నంద్యాల కాలేజీ మానేసి ఆళ్లగడ్డలో జూనియర్ కాలేజీకి వచ్చేశాను. యేసుదాసు బదిలీ చేయించుకున్నాడు. రోజూ చర్చి ముందు నుంచే పోవాలి. ఆ పడమటి గోడకు మధ్యాహ్నం మొదలైతే పొద్దుగూకే దాకా ఎండ తగులుతుంది. మే నెలలో రోడ్డు తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంది, అంగడి తలుపులకు వేసిన పచ్చరంగులు, ఎర్రరంగులు రెండు ఎండలకే వెలిసిపోతాయి. చుక్క మాత్రం అలాగే ఉంది. ఎర్రజీర కూడా పోలేదు. కిరణాలకు లొంగనిది ఎండకు లొంగుతుందా? నేను పోతూ వస్తూ దాన్ని చూసేదాన్ని. కొన్నిసార్లు గర్వంగా ఉండేది, ఎక్కువసార్లు కడుపు మండేది.

వదిన ప్రతి డిసెంబరులోనూ చుక్క మీద సున్నం పడనిచ్చేది కాదు. నిచ్చెనెక్కి, దాని చుట్టూ వేలితో అంచు కట్టి, సున్నం తానే పూసేది. ఎవరైనా కొత్త చుక్క వేద్దామంటే, "మా లూదియా సదువు ఆడ ఉండాది. దాని జోలికి పోవద్దు" అని కసురుకునేది. నీ తప్పు లేదు వదినా, సీసా ఉన్నా ఆ మనిషి నన్ను గట్టెక్కనిచ్చేవాడు కాదు అని ఎన్నోసార్లు చెప్పాను. నమ్మలేదు. "నా మనసు కోసరం చెప్తాండావులే" అనేది. పండగకు తమ్ముడు తెచ్చిన చీర ప్రతి ఏడూ పెట్టెలోకే పోయేది.

1986 డిసెంబరులో సున్నం కొట్టే రోజు. వదిన నిచ్చెన మీద ఉంది, నేను కింద డ్రమ్ము కలుపుతున్నాను. చర్చి ముందు జీపు ఆగింది. మా ఊళ్ళో రాతి బొమ్మలు చెక్కే గురవయ్య ముందు దిగాడు. వెనక ఆదినారాయణ గారు. జుట్టంతా నెరిసింది, పొట్ట ముందుకొచ్చింది. తలకు తువ్వాలు కట్టుకుని సున్నం చేతులతో ఉన్న నన్ను ఆయన గుర్తుపట్టలేదు.

"ఏసమ్మా, ఆ చుక్కకు ఏసిన రంగు యాడ దొరికింది?" అన్నాడు గురవయ్య. "ఈ సారు బొమ్మ చేపిచ్చుకుంటాండాడు. కింద పేరుకు ఎండకు పోని రంగు గావాలంట. నేనేసే రంగు రెండేండ్లకే ఎలిసిపోతాది. మా ఊర్లో పోని రంగంటే ఇదొక్కటే అని పిల్చుకోనొచ్చినా."

"బొమ్మ ఎవరిది సార్?" అని నేనే అడిగాను.

"నాదేనమ్మా. వచ్చే నెల రిటైరవుతున్నాను. మా ఊరి హైస్కూల్లో పెట్టిస్తున్నారు" అన్నారు. ఎవరు పెట్టిస్తున్నారో చెప్పలేదు. గురవయ్య ఇంకోవైపు చూశాడు.

"నేను లూదియాను సార్."

ఆయన కళ్ళు చికిలించి చూశారు. "ఓహో! నువ్వా? ఇక్కడున్నావా?"

"ఇక్కడే సార్. ఆ చుక్క మా వదిన వేసింది. నా సీసాలో పొడితో. కిరణాల సీసా."

ఆయన చుక్క వైపు తిరిగారు. నేను ఎంత పిచ్చిదాన్నంటే, ఇప్పుడు తల దించుకుంటారని ఎదురుచూశాను. ఒక్కమాట, పొరపాటైందమ్మా అని ఒక్కమాట అంటారని. ఆయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి, సంతోషంగా తల ఊపారు.

"ఏడేళ్ళు! ఈ ఎండలో! అనుకున్నాను. దీన్ని కిరణాలేం చేస్తాయమ్మా, ఏమీ చెయ్యవు."

"ఏమీ చెయ్యవా సార్?"

"చెయ్యవు. నాకు అప్పుడే తెలుసు. నీకు లోకం తెలియక పాడైపోయావు గానీ, పని మాత్రం శుభ్రంగానే చేశావు." ఆయన గురవయ్య వైపు తిరిగారు. "ఇదిగో, ఆ చుక్క మూలల్లో కొంచెం గోకు. పలచని ఆమ్లంలో వేస్తే సున్నం కరిగిపోయి రంగు మిగులుతుంది. ఈ అమ్మాయే చెప్పింది ఒకప్పుడు. నా పేరుకు సరిపోదూ?"

నేను చెప్పిన పద్ధతి ఆయనకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అంతకు ముందు ఆయన మీద నాకు కోపం ఉండేది. ఆ క్షణంలో కోపం కూడా పోయింది. చెప్పు కింద ఏదో తొక్కినప్పుడు దాని మీద కోపం రాదు, కాలు కడుక్కోవాలని ఉంటుంది.

"ఇది మా చర్చి గోడ సార్. దీన్ని గోకితే యూనివర్సిటీ పరువు పోతుందన్నారు. మీ బొమ్మ పరువు పోదా?" అన్నాను.

గురవయ్య ఉలి సంచి భుజానికి తగిలించుకుని, "నాకెందుకప్పా ఈ గోల, గోడ గోకే పని నాది గాదు" అని జీపు వైపు నడిచాడు.

అప్పుడు వదిన నిచ్చెన దిగింది. అంతసేపూ పైన కుంచె పట్టుకుని వింటూనే ఉంది. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమప్పా, ఈ రంగుకు ఏమీ కాలేదని నీకు అప్పుడే తెలుసునా?"

"తెలుసమ్మా" అన్నారాయన, తన తెలివిని గురించి అడిగినట్టు.

"నేను గోడకు పుయ్యకముందేనా?"

"అంతకు ముందే."

వదిన కుంచె ఎత్తి విదిలించింది. "జరుగప్పా, సున్నం పడ్తాది" అంది. ఆయన పంచె ఎత్తి పట్టుకుని వెనక్కు జరిగారు. ఇంకాస్త జరిగారు. చివరికి జీపెక్కి పోయారు.

వదిన కుంచె డ్రమ్ములో పడేసి చర్చి మెట్టు మీద కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"అయితే నీ సదువు చెడగొట్టింది నేను గాదన్నమాట" అంది కొంగు తీసి.

"మొదట్నుంచి అదే గదా వదినా చెప్తాండేది."

"నువ్వు చెప్తే యాడ నమ్మినా? ఆ నోటితో ఇనాల్సొచ్చింది." ఆయన నిలబడిన చోట ఉమ్మి, కాలితో మట్టి కప్పింది. "థూ! అట్లాంటోని ముందర నీ పేరు బాగుపడాలని నేను మోకాళ్ళ మీద పడి దేవుణ్ణి అడిగినానే!"

మిగిలిన గోడకు ఇద్దరం కలిసి సున్నం కొట్టాం. చుక్క చుట్టూ అంచు ఈసారి నన్ను కట్టమంది. సున్నానికి వేళ్ళు మండుతుంటే, వదిన కింద నిచ్చెన పట్టుకుని పైకి చూస్తూ అడిగింది.

"లూదియా, పెట్టెలో అన్ని చీరలు అట్లనే ఉండాయి గదా. ఈ పండక్కి ఏది కట్టుకోమంటావమ్మే?"

"పని కానీ వదినా, అన్నీ తీసి సూద్దాం" అన్నాను.

పని అయ్యాక ఇద్దరం చేతులు శుభ్రంగా కడుక్కుని లోపలికి పోయి పెట్టె తీశాం.